ఏ సిమ్ అని అడిగేముందు, మీ ఇంటికి ఏ టవర్ అందుతుందో చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కొత్తగూడ మండలంలో అడవి అంచున మీ ఊరు. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. చెల్లె డీఎస్సీకి ఆన్‌లైన్ క్లాసులు వింటోంది. మీ బాపు దగ్గర కీప్యాడ్ ఫోన్, బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. కేబుల్ నెట్ ఇంకా మీ దాకా రాలేదు. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ నాలుగింటిలో ఏది మంచిది, ఇంట్లో అందరం ఒకే కంపెనీకి మారిపోదామా అని అడిగావు.

నేను పద్నాలుగేళ్లు ఉమ్మడి వరంగల్ జిల్లాలో సెల్ టవర్ల మీద పనిచేశాను. నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం, మహాదేవపూర్ వైపు బ్యాటరీలు మార్చడం, జనరేటర్లలో డీజిల్ పోయడం, గాలికి పక్కకు తిరిగిన డిష్‌లను సరిచేయడం నా పని. ఇప్పుడు నర్సంపేటలో ఉంటూ ఊళ్లలో ఇళ్లకు, బడులకు రూటర్లు బిగిస్తున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తా. కంపెనీ పేరు చూసి సిమ్ తీసుకోవద్దు, మీ ఇంటి నుంచి అందే టవర్‌ను చూసి తీసుకో. ఇంట్లో రెండు కంపెనీల సిమ్‌లు ఉంచుకో, అవి రెండూ ఒకే టవర్ మీద ఆధారపడినవి కాకుండా చూసుకో. అందరూ ఒకే కంపెనీకి మారడం మాత్రం అసలు చేయొద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఏడెనిమిదేళ్ల కింద ఖానాపూర్ మండలంలో ఒక టీచర్ సారు నన్ను ఇదే అడిగాడు. "అన్నా, నువ్వు టవర్ల మీద చేస్తవు కదా, ఏ సిమ్ మంచిగుంటదో చెప్పు" అన్నాడు. పక్క ఊళ్లో నేను పనిచేసిన టవర్ మీద ఒక కంపెనీ నెట్ బాగా నడిచేది. ఆ పేరే చెప్పాను. నా మాట నమ్మి ఇంట్లో నలుగురివీ పోర్ట్ చేయించుకున్నారు, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మార్చుకున్నారు. తీరా చూస్తే వాళ్ల ఇల్లు గుట్ట మాటున ఉంది. ఆ టవర్‌కూ వాళ్ల ఇంటికీ మధ్య రాయి తప్ప ఇంకేం లేదు. ఒకసారి పోర్ట్ అయితే 90 రోజుల దాకా మళ్లీ మారడానికి లేదు. ఆ మూడు నెలల్లోనే వాళ్ల అమ్మాయికి ఎంసెట్ కౌన్సెలింగ్ వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి రాత్రి తొమ్మిదింటికి తండ్రి బండి మీద నర్సంపేట దాకా రావాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఇంటికి పోయి కొలవకుండా ఎవరికీ కంపెనీ పేరు చెప్పడం లేదు.

అసలు ఊళ్లలో నెట్ ఎందుకు ఇబ్బంది పెడుతుందో కొంచెం తెలిస్తే, ఏది కొనాలో నీకే తెలిసిపోతుంది.

టవర్ మీది రేడియో ఒక్కో యాంటెన్నాకు 20, 40 వాట్ల బలంతో మాట్లాడుతుంది. 4జీలో నీ చేతిలోని ఫోన్ ఎంత గట్టిగా అరిచినా మామూలుగా 0.2 వాట్ దాటదు. అంటే టవర్ మాట నీకు వినబడుతుంది కానీ, నీ మాట టవర్‌కు వినబడదు. యూట్యూబ్ ఆడుతూనే ఉంటుంది, మీటింగ్‌లో మాత్రం "మీ వాయిస్ కట్ అవుతోంది" అంటారు చూడు, అది ఇందుకే. స్పీడ్ టెస్ట్ పెట్టి డౌన్‌లోడ్ 12 వచ్చింది, 15 వచ్చింది అని సంబరపడేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఇంటి నుంచి పనిచేసేవాడు చూడాల్సింది అప్‌లోడ్. నిలకడగా 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే వీడియో మీటింగ్ హాయిగా నడుస్తుంది. ఒక నిమిషం 8, మరో నిమిషం 0.3 వస్తే నడవదు.

రెండోది ఫ్రీక్వెన్సీ. రాత్రిపూట పక్క ఊళ్లో డప్పులు మోగితే మన దాకా వినబడుతుంది. ఆ డప్పులతో పాటు మోగే తాళాల చప్పుడు మాత్రం మన పొలిమేర దాటి రాదు. రేడియో తరంగాలూ దాదాపు అంతే. 700, 850, 900 మెగాహెర్ట్‌జ్ తరంగాలు దూరం పోతాయి, గోడల్లోంచి, చెట్లలోంచి ఎంతో కొంత దూరుతాయి. 2300, 3500 లాంటివి వేగం ఎక్కువ ఇస్తాయి, కానీ టవర్ చుట్టుపక్కలకే. ఒకే దూరంలో నిలబడి కొలిస్తే, నడుమ అడ్డం ఏమీ లేకపోయినా 2300 కంటే 700లో సిగ్నల్ దాదాపు 10 డెసిబెళ్లు మెరుగ్గా అందుతుంది. 10 డెసిబెళ్లంటే పది రెట్ల బలం.

మీ వైపు ఇంకో సంగతి కూడా ఉంది, టేకు ఆకు. పాకాల అడవి దాటి వచ్చే సిగ్నల్ మాఘంలో ఒక తీరుగా ఉంటే, శ్రావణంలో ఇంకో తీరుగా ఉంటుంది. ఆకు రాలిన టేకు చెట్టు సిగ్నల్‌కు పెద్ద అడ్డం కాదు. అదే చెట్టు వానకు తడిసి, చేటంత ఆకులతో నిండితే తడి గోడ లెక్క. ఫిబ్రవరిలో బాగుందని సిమ్ కొని, ఆగస్టులో "కంపెనీ మోసం చేసింది" అని తిట్టుకునేవాళ్లు నాకు చాలామందే తెలుసు. ఎండాకాలంలో కొలిస్తే, వచ్చిన సంఖ్యలో కొంత తరుగు తీసేసి లెక్క కట్టుకో. ఇంటి ముందు మక్క చేను ఉండి, టవర్ దాని అవతల ఉంటే, పంట నిలువెత్తు పెరిగినప్పుడు కింది గదుల్లో ఆ తేడా కూడా తెలుస్తుంది.

మూడోది టవర్ వెనక ఏముంది అన్నది. ఇది జనం చూడరు. టవర్‌ను కింద నిలబడి చూడు. పొడుగాటి పలకల్లాంటివి ఫోన్లతో మాట్లాడే యాంటెన్నాలు. డప్పుల్లా గుండ్రంగా, తెల్లగా ఉన్నవి మైక్రోవేవ్ డిష్‌లు. ఊరి టవర్‌కు నేల కింద ఫైబర్ కేబుల్ రాకపోతే, ఈ డిష్ ద్వారా పక్క టవర్‌కు, అక్కడి నుంచి ఇంకోదానికి, అలా ఫైబర్ ఉన్న చోటు దాకా గొలుసులా పోతుంది. గొలుసులో ఒకటి తెగితే వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. పెద్ద వానలో డిష్ లింకు బలహీనపడుతుంది కూడా. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉండి నెట్ మాత్రం తిరుగుతూనే ఉంటే, తప్పు నీ ఫోన్‌ది కాదు, చాలాసార్లు ఈ వెనక దారి నిండిపోయి ఉంటుంది. పొద్దుగూకినంక ఏడు నుంచి పది మధ్య ఇది మరీ ఎక్కువ, ఊరంతా అప్పుడే ఫోన్లు పట్టుకుంటారు. యాంటెన్నా కొన్నా, బూస్టర్ పెట్టినా దీనికి మందు లేదు. వెనక దారి బాగున్న ఇంకో కంపెనీకి పోవడమే.

ఇక కరెంటు. టవర్ కింద గదిలో 48 వోల్టుల బ్యాటరీలు, పక్కన ఒక జనరేటర్ ఉంటాయి. కరెంటు పోతే ముందు బ్యాటరీ, తర్వాత డీజిల్. బ్యాటరీ పాతదైతే గంటకే పడిపోతుంది. 2023 జులై ఆఖరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది కదా. ఆ వారం మేం డీజిల్ డబ్బాలు పట్టుకుని వాగుల ఇవతల నిలబడ్డాం, అవతలికి పోయే దారే లేదు. ఒక టవర్ మీద మూడు కంపెనీల యాంటెన్నాలు ఉండేవి. బ్యాటరీ అయిపోయిన నిమిషంలో మూడూ కలిసి మూగపోయాయి. ఒకే ఇంట్లో మూడు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నవాళ్లు కూడా ఎవరితోనూ మాట్లాడలేకపోయారు. కంపెనీలు మూడైనా ఇనుప టవర్ ఒకటే, కరెంటు ఒకటే. చాలా ఊళ్లలో టవర్ ఒక సంస్థది, దాని మీద కంపెనీలు కిరాయికి ఉంటాయి. రెండో సిమ్ వేరే టవర్‌ది కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు కంపెనీల సంగతి. మీ ఊళ్లో ఏది బాగుంటుందో ఇక్కడ కూర్చుని చెప్పలేను కానీ, ఎవరి దగ్గర ఏముందో చెప్పగలను.

జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైన రోజు నుంచీ 4జీయే. 850, 1800, 2300 బ్యాండ్ల మీద, అంటే పైన చెప్పిన ఫ్రీక్వెన్సీల మీద నడుస్తుంది. 5జీకి 3500తో పాటు 700 కూడా ఉంది. ఊళ్లకు ఆ 700 మంచి ఆస్తి, కానీ నీ ఫోన్‌లో ఎన్28 బ్యాండ్ ఉంటేనే అందుతుంది. జియోకు 2జీ లేదు, కాబట్టి మీ బాపు దగ్గరున్నది మామూలు 2జీ కీప్యాడ్ ఫోన్ అయితే అందులో ఆ సిమ్ పనిచేయదు. ఎయిర్‌టెల్‌కు 900, 1800, 2100, 2300 ఉన్నాయి, 2జీ కూడా నడుస్తోంది. దాని 5జీ ఎక్కువగా 3500 మీద, 4జీని ఆసరా చేసుకుని నడిచేది. అందుకని ఊరి చివరి ఇంటికి ఎయిర్‌టెల్ అంటే ప్రధానంగా 4జీయే అనుకో. వీఐ అంటే 2018లో కలిసిపోయిన వొడాఫోన్, ఐడియాలు. దానికీ 900 ఉంది, 2జీ ఉంది. మీ వైపు వీఐ 4జీ టవర్ దగ్గర్లో ఉంటే తక్కువ రద్దీతో మంచిగా నడవొచ్చు, లేకపోతే దాని గురించి ఆలోచించే పనే లేదు.

బీఎస్ఎన్ఎల్ గురించి ఇంకాస్త చెప్పాలి. 2024 జులై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ధరలు పెంచాయి, బీఎస్ఎన్ఎల్ పెంచలేదు. ఆ నెలలో మా దగ్గర సిమ్‌ల కోసం జనం వరుస కట్టారు. కానీ అప్పటికి చాలా టవర్ల మీద 4జీ రాలేదు, చవక అని మారినవాళ్లలో సగం మంది నెట్ కోసం మళ్లీ ఇంకో సిమ్ వేసుకున్నారు. ఇప్పుడు పరిస్థితి వేరు. టీసీఎస్, తేజస్, సీ-డాట్ అనే సంస్థలు కలిసి మన దేశంలోనే తయారుచేసిన 4జీ పరికరాలు బిగించి, 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని జార్సుగూడలో ప్రధానమంత్రి చేతుల మీదుగా దేశమంతటికీ మొదలుపెట్టారు. 700, 2100 బ్యాండ్లు వాడుతున్నారు. అడవి మండలాలకు 700 రావడం నిజంగా మంచి మాట. రెండు షరతులు. పాత 2జీ, 3జీ కాలపు సిమ్ ఉంటే 4జీ సిమ్‌కు మార్చుకోవాలి. ఆ 700 అందాలంటే ఫోన్‌లో బ్యాండ్ 28 ఉండాలి. పాత చవక ఫోన్లలో కొన్నింటికి అది ఉండదు. టవర్ కింద నిలబడినా "బీఎస్ఎన్ఎల్ 4జీ వస్తలేదు" అనేవాళ్లను ముందు ఫోన్ మోడల్ అడుగుతాను.

ఇంకోటి. సిగ్నల్ లేని మారుమూల ఊళ్ల కోసం ప్రభుత్వం డబ్బుతో వేసిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో ఒకరివి ఒకరు వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. డిజిటల్ భారత్ నిధి అనే ప్రభుత్వ నిధితో వేసిన అలాంటి టవర్ ఇంతకుముందు ఒక్క కంపెనీకే పనిచేసేది. మీ దగ్గర్లో ఉన్నది అలాంటిదైతే నీ సిమ్‌కు కూడా అందొచ్చు. ఫోన్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్‌లోనే ఉంచు.

ఇక కొలవడం. అసలు పని ఇదే, తొందరపడకు, ఒక వారం పెట్టుకో.

కొత్త సిమ్‌లు కొనే ముందు పక్కింటివాళ్లవి, చుట్టాలవి అడుగు. నాలుగు సిమ్‌లనూ నీ ఒక్క ఫోన్‌లోనే మార్చి మార్చి చూడాలి. ఒక్కో సిమ్‌ను ఒక్కో ఫోన్‌లో చూస్తే ఫోన్ తేడా ఏదో, కంపెనీ తేడా ఏదో తెలియదు. పైన కనబడే గీతలను నమ్మకు. ఒక ఫోన్ నాలుగు గీతలు చూపే చోట ఇంకో ఫోన్ రెండే చూపుతుంది. నెట్‌మాన్‌స్టర్ గానీ, నెట్‌వర్క్ సెల్ ఇన్ఫో లైట్ గానీ, ఏదో ఒక యాప్ ఫోన్‌లో వేసుకో. అందులో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని మైనస్ గుర్తుతో ఒక సంఖ్య వస్తుంది. అదే సిగ్నల్ బలం, మైనస్ తర్వాతి అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. మైనస్ 85 వస్తే ఇక వెతకక్కర్లేదు. మైనస్ 100 దాకా పని నడుస్తుంది. మైనస్ 110 దాటితే మీటింగ్ కష్టం. మైనస్ 120 దగ్గర ఫోన్ ఊపిరి పీల్చుకున్నట్టు వస్తూ పోతూ ఉంటుంది, బ్యాటరీ కూడా తినేస్తుంది. బ్యాండ్ నంబరు కూడా రాసుకో. 5 అంటే 850, 8 అంటే 900, 3 అంటే 1800, 1 అంటే 2100, 40 అంటే 2300, 28 అంటే 700. కొన్ని ఫోన్లలో టీఏ అనే అంకె కూడా కనబడుతుంది. 4జీలో దాన్ని 78తో గుణిస్తే టవర్ ఎన్ని మీటర్ల దూరంలో ఉందో సుమారుగా వస్తుంది. టీఏ 40 ఉందనుకో, మూడు కిలోమీటర్ల పైనే. రెండు సిమ్‌లకూ దూరాలు బాగా తేడాగా వస్తే అవి వేర్వేరు టవర్లని అర్థం. అంకె కనబడని ఫోన్ అయితే తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మీ ఊరు పెట్టి చుట్టూ ఉన్న టవర్లు చూడు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పినందుకు కంపెనీలు తమ కవరేజీ మ్యాపులు కూడా వెబ్‌సైట్లలో పెట్టాయి. కానీ మ్యాపులో రంగు ఉందంటే రోడ్డు మీద సిగ్నల్ ఉందనే లెక్క, మీ రేకుల ఇంటి లోపల ఉందని కాదు.

పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ టెస్ట్ పెట్టి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) మూడూ నోట్‌బుక్‌లో రాయి. రాత్రి తొమ్మిదిది చెల్లె కోసం, మధ్యాహ్నానిది నీ కోసం. ఒక్కో టెస్టుకు చాలా ఎంబీలు ఖర్చవుతాయి, పక్కింటివాళ్ల సిమ్ అయితే ఒక డేటా ప్యాక్ వేయించి ఇచ్చెయ్యి. స్పీడ్ టెస్ట్ కంటే గట్టి పరీక్ష ఇంకోటి ఉంది. నీ స్నేహితుడికి వీడియో కాల్ చేసి, పని చేసుకునే మూలలోనే కూర్చుని ఇరవై నిమిషాలు మాట్లాడు. ఎన్నిసార్లు ఆగిందో అతన్ని లెక్కపెట్టమను. మేడారం జాతర జరిగే వారంలో మాత్రం కొలవకు. ఆ దారిలో రద్దీ వేరు, కంపెనీలు తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతాయి. మామూలు రోజుల లెక్క అప్పుడు తెలియదు. సద్దుల బతుకమ్మ నాడు కొలవగలిగితే అది మంచిదే, ఊరంతా ఇంటికొచ్చిన రోజు కూడా నడిచిందంటే ఆ టవర్ గట్టిదే.

ఇంట్లో ఎక్కడ కూర్చుంటున్నావన్నది కంపెనీ ఎంపికంత ముఖ్యం. మొన్న మీ మండలంలోనే ఒక ఇంటికి పోయాను. కింద రేకుల వరండా, పక్కనే స్లాబు గది. గదిలో మైనస్ 116, వరండాలో మైనస్ 113. నిచ్చెన వేసుకుని బంగ్లా ఎక్కాం. నిచ్చెన దగ్గర మైనస్ 104. పిట్టగోడ పట్టుకుని మెల్లగా నడుస్తూ పోతే వాయవ్యం మూలన మైనస్ 94కి వచ్చింది. అక్కడ నిలబడి చూస్తే చింత చెట్టు పక్కన సందులోంచి దూరంగా టవర్ కొస కనబడింది. అదే ఫోన్, అదే సిమ్. గదికీ ఆ మూలకూ 22 డెసిబెళ్ల తేడా, అంటే నూట యాభై రెట్లకు పైనే.

అక్కడ చేసింది చెబుతాను, మీ ఇంట్లోనూ ఇదే సరిపోతుందనుకుంటా. పది అడుగుల ఇనుప పైపు పిట్టగోడకు బిగించాం. సిమ్ వేసే 4జీ రూటర్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పైపు మీదే ఉంచి, అక్కడి నుంచి ల్యాన్ కేబుల్ కింది గదిలోకి దించి, గదిలో ఒక మామూలు వైఫై రూటర్ పెట్టాం. కొందరు రూటర్‌ను గదిలోనే ఉంచి, యాంటెన్నాను పైన పెట్టి, నడుమ ఇరవై మీటర్ల యాంటెన్నా వైరు లాగుతారు. ఆ వైరే సగానికి పైగా సిగ్నల్ తినేస్తుంది, 2300 లాంటి పై బ్యాండ్లలో ఇంకా ఎక్కువ. ల్యాన్ కేబుల్‌కు ఆ బాధ లేదు. రూటర్ కొనేటప్పుడు అన్ని కంపెనీల సిమ్‌లూ పట్టేది, బయటి యాంటెన్నా పెట్టుకునే మరలు ఉన్నది చూడు. కంపెనీవాళ్లు తక్కువ ధరకు ఇచ్చే డబ్బాలు చాలావరకు వాళ్ల సిమ్‌కే పనిచేస్తాయి, రేపు సిమ్ మార్చాలంటే డబ్బా కూడా మార్చాలి. మే నెలలో మన దగ్గర ఎండ 45 దాకా పోతుంది. డబ్బాకు తెల్ల రంగు వేసి, కింద గాలి రంధ్రాలు పెట్టి, పైన చిన్న నీడ కట్టు. పిడుగుల మొగులు పట్టినప్పుడు ప్లగ్గు, ల్యాన్ కేబుల్ రెండూ పీకెయ్యి.

సిగ్నల్ బూస్టర్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు, దాని జోలికి పోవద్దు. అనుమతి లేకుండా అది పెట్టడం చట్టప్రకారం నేరం. అంతకంటే పెద్ద సంగతి, సరిగా లేని బూస్టర్ ఒక్కటి ఉంటే ఆ దిక్కు టవర్‌కంతా రొద నిండుతుంది. ఒక ఊళ్లో సగం మందికి ఫోన్లు కలవడం లేదని వారం రోజులు వెతికితే, చివరికి ఒక దుకాణం అటక మీద అది దొరికింది. పైన చెప్పిన రూటర్, యాంటెన్నా మాత్రం బూస్టర్ కాదు, దానికి ఏ అభ్యంతరమూ లేదు.

ప్యాకుల విషయంలో ఒకటే మాట. 2024 జులై నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ అపరిమిత 5జీని ఎక్కువగా రోజుకు 2 జీబీ, ఆపై ప్యాకులకే ఇస్తున్నాయి. మీ ఇంట్లో 5జీ నిలకడగా రాకపోతే దాని కోసం పెద్ద ప్యాక్ వేయించడం దండగ. అయితే నీ మీటింగులకు గంటకు సుమారు ఒక జీబీ పోతుంది, చెల్లె క్లాసులకు ఇంకొంత. రోజుకు 1.5 జీబీ అయిపోతే ప్రైవేటు కంపెనీల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడుతుంది. ఆ వేగంతో ఒక 5 ఎంబీ ఫోటో పంపాలంటే పది నిమిషాలు. కాబట్టి రూటర్‌లో వేసే సిమ్‌కు పెద్ద ప్యాక్, రెండో సిమ్‌కు చిన్నది. బలహీనంగా వచ్చే 5జీ వస్తూ పోతూ మీటింగ్‌ను తెంపుతుంటే, ఫోన్ సెట్టింగ్స్‌లో 4జీకే కట్టెయ్యి, నిలకడ వస్తుంది. గదిలో వైఫై వచ్చాక ఫోన్లలో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యి, లోపల సిగ్నల్ లేకపోయినా మాటలు కలుస్తాయి.

మీ పంచాయతీకి, లేదా పక్క ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గరికి ఫైబర్ వచ్చిందా అని నెలకోసారి అడుగుతూ ఉండు. మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన టీ-ఫైబర్, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ కేబుల్, ఊళ్లలోకి మెల్లగా తెరుచుకుంటోంది. వైరు మీ ఇంటికి అందిన రోజు ఈ సిమ్‌ల గొడవంతా రెండో మాట, ఆలోచించకుండా తీసేసుకో. రెండు సిమ్‌లలో ఒకటి మాత్రం ఉంచుకో.

వారం కొలిచాక మారాలనిపిస్తే, ఉన్న నంబరును వెంటనే పోర్ట్ చేయకు. కొత్త కంపెనీది ఒక కొత్త సిమ్ తీసుకుని నెల రోజులు రూటర్‌లో వాడు. వాన పడ్డ రోజు, కరెంటు పోయిన రాత్రి అది ఎలా ఉందో చూశాక, అప్పుడు "PORT" అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కి మెసేజ్ పెట్టు. వచ్చే కోడ్ నాలుగు రోజులే పనిచేస్తుంది. సిమ్ పోయిందనో పాడైందనో ఈ మధ్యే మార్చుకుని ఉంటే, ఏడు రోజులు దాటేదాకా కోడ్ రాదు. చెల్లె నంబరు డీఎస్సీ దరఖాస్తులో ఇచ్చి ఉంటే, హాల్‌టికెట్, పరీక్ష అన్నీ అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

మీ బాపు నంబరు కూడా కదిలించకు. ఆ కీప్యాడ్ ఫోన్ 2జీ మీద నడుస్తుంది, 2జీ తక్కువ బ్యాండ్ మీద పొలం దాకా అందుతుంది, ఓటీపీకి అది చాలు. నెట్ అక్కర్లేని వాళ్లకు మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉన్న ప్యాకులు పెట్టాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ అన్ని కంపెనీలకూ చెప్పింది. రీఛార్జ్ దుకాణంలో వాళ్లంతట వాళ్లు ఆ ప్యాక్ చూపరు, నువ్వే అడిగి వేయించు. ఆయన పొలంలో ఏ గట్టు మీద నిలబడి మాట్లాడతాడో ఆ గట్టు మీదికి కూడా ఒకసారి ఫోన్ తీసుకుపోయి ఆ సంఖ్య రాసుకో.